ఇంట్లో అందరి చేతికీ వచ్చే బండి

పొద్దున ఐదున్నరకు మా ఒంటిమిట్ట వీధుల్లో గుడి గంట తర్వాత వినపడే చప్పుడు ఒకటే. టర్రుమని ఒకే శ్రుతిలో పోయే ఎక్సెల్ బండి. ఒకదాని మీద పాల క్యాన్లు, ఇంకోదాని మీద పూల గంపలు, మరోదాని మీద పచ్చిగడ్డి మోపు. మోపే కనపడుతుంది గానీ నడిపే మనిషి కనపడడు. కొంచెం పొద్దెక్కితే పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆయన, కత్తులు సానబట్టే ఆయన, చేపలాయన, ఐసు డబ్బా ఆయన వస్తారు. అందరిదీ అదే బండి. మా వైపు కొందరు దాన్ని టీవీఎస్ అంటారు, కొందరు ఎక్సెల్ అంటారు. మా అత్త మాత్రం "మన బండి" అంటుంది.

దానికి పెద్ద పరువేమీ లేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు "అబ్బాయికి ఏం బండి ఉంది?" అని అడిగితే ఎక్సెల్ ఉందని ఏ తల్లీ చెప్పదు. ఫొటో దిగేటప్పుడు ఎవరూ దాని పక్కన నిలబడరు. కానీ గ్యాసు బండ అయిపోయినా, బియ్యం మర పట్టించాలన్నా, ముసలామెను ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా ముందు దాని తాళంచెవి కోసమే గోడ మీది మేకు వైపు చూస్తాం.

వంటల గురించీ పిల్లల గురించీ రాసే ఈమెకు బండ్లతో ఏం పని అనుకోకండి. నెల రోజులుగా మా ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా ఇదే పంచాయితీ. మా అబ్బాయికి ఉద్యోగం వచ్చి ఏడాదయింది. వాడికి బుల్లెట్ కావాలి. కంతుల మీద తీసుకుంటాడంట. పాత ఎక్సెల్ ఎక్స్ఛేంజికి ఇచ్చేస్తే ఇంటి ముందర స్థలం కూడా ఖాళీ అవుతుందంట.

బండి అంటే మగవాళ్ళ సంగతి అని మనం వదిలేస్తాం. కానీ మా సీమ సంసారాల్లో డబ్బు పోయే దారులు మూడే. బంగారం, బోరు, బండి. మూడోదాని గురించి మనం కూడా నాలుగు మాటలు తెలుసుకుని మాట్లాడటం మంచిది.

మా చిన్నప్పుడు ఇంట్లో బండి ఉందంటే ఆ ఇల్లు కలిగిన ఇల్లే. చేతక్ స్కూటర్‌కు డబ్బు కట్టి సంవత్సరాల తరబడి ఎదురుచూసేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. పల్లెల్లో పాలవాళ్ళకూ రైతులకూ రాజ్‌దూత్ ఉండేది. దాని మూలం పోలండ్ దేశపు బండి అని నాకు ఈ మధ్యే తెలిసింది. బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారవుతోంది. పోలీసులూ మిలిటరీవాళ్ళూ నడిపేవాళ్ళు కాబట్టి దాని చప్పుడు వింటేనే పిల్లలం పక్కకు తప్పుకునేవాళ్ళం. ఇవన్నీ గట్టి బండ్లే. కానీ అన్నీ బరువైనవి, కాలు నేలకు గట్టిగా ఆనే మగవాళ్ళ కోసం చేసినవి.

1972లో పూనా వైపు నుంచి లూనా వచ్చింది. యాభై సీసీ, పెడళ్ళు ఉండేవి. పెట్రోలు అయిపోతే సైకిల్లా తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు. తర్వాత 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ 50 వచ్చింది. హోసూరు తమిళనాడులో ఉన్నా తెలుగు బాగా వినపడే ఊరే. మనదేశంలో ఇద్దరు కూర్చుని పోయేలా చేసిన మొదటి మోపెడ్ అదే. ఆ రెండో సీటు చిన్న విషయం అనుకుంటాం గానీ, భార్యను వెనక ఎక్కించుకోవాలన్నా, సంతలో కొన్న మూట పెట్టుకోవాలన్నా ఆ జానెడు స్థలమే కదా కావాల్సింది! ఆ కుటుంబంలోంచి వచ్చిందే డెబ్బై సీసీల ఎక్సెల్ సూపర్. అదే మా ఇంట్లో ఉన్నది. 2015లో ఎక్సెల్ 100 వచ్చింది. అది ఫోర్ స్ట్రోక్, కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలిపే పని తప్పింది.

దాని ఏర్పాటు ఎంత సాదాగా ఉంటుందంటే, చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. గేర్లు లేవు. ఎడమ చేత్తో నొక్కే క్లచ్ లేదు. యాక్సిలేటర్ తిప్పితే ఇంజిను వేగం పెరిగి లోపల క్లచ్ దానంతటదే పట్టుకుంటుంది. వదిలితే అదే జారిపోతుంది. కాళ్ళ ముందర చదునైన చోటు ఉంటుంది. పాల క్యానో, గ్యాసు బండో, పిండి మూటో అక్కడ కూర్చుంటుంది. వెనక సీటు తీసేస్తే సరుకు కట్టుకునే చోటు. చక్రాలకు పుల్లలు, వెనక చక్రానికి గొలుసు. బండి మొత్తం బరువు కొత్త ఎక్సెల్ అయితే ఎనభై కిలోలకు కాస్త ఎక్కువ, పాతదైతే ఇంకా తక్కువ. బుల్లెట్ దాదాపు నూటతొంభై ఐదు కిలోలు. పక్కకు ఒరిగితే నేను ఏది లేపగలనో చెప్పనక్కర లేదు.

ఈ ఆలోచన మన దేశంలోనే పుట్టిందేమీ కాదు. జపాన్‌లో 1958లో హోండా కంపెనీ సూపర్ కబ్ అనే చిన్న బండి చేసింది. ఒక చేత్తో సేమియాలాంటి నూడుల్స్ పళ్ళెం పట్టుకుని ఇంటింటికీ ఇచ్చే కుర్రాడు రెండో చేత్తో నడపగలగాలని దానికి చేతి క్లచ్ తీసేశారంట. ఆడవాళ్ళు కాలు ఎత్తకుండా ఎక్కగలిగేలా మధ్యలో ఖాళీ వదిలారు. అలాంటి బండ్లు 2017 నాటికి పది కోట్లు తయారయ్యాయి. ప్రపంచంలో మరే మోటారు బండీ అన్ని తయారు కాలేదు. పని చేసుకునే మనిషి చేతుల్లో ఏముంటుందో, కాళ్ళకు ఏం చుట్టుకుని ఉంటుందో ఆలోచించి చేసిన బండి కాబట్టి అంతమందికి నచ్చింది.

మా సీమకు ఇది ఇంకా బాగా అతుక్కుంది. మా దగ్గర పంట వచ్చిన ఏడాది డబ్బుంటుంది, రాని ఏడాది ఉండదు. నెల నెలా ఒకే మొత్తం కట్టమంటే రైతు ఇంట్లో అది ఉరితాడే. అందుకే పంట అమ్మిన రోజు రొక్కం పెట్టి కొనగలిగిన బండే మాకు బండి. ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోతే దాన్ని పైకి లాగి కడపలో వైండింగు చేయించాలి. ఆ మోటారు పోయేది కూడా ఎక్సెల్ మీదే. మే నెలలో మా రోడ్డు పక్కన నిలబడితే తెలుస్తుంది ఆ సంవత్సరం నీళ్ళు ఎట్లా ఉన్నాయో. ముందర మోటారు పెట్టుకుని పోయే బండ్లు ఎక్కువైతే కరువు దగ్గర పడినట్టే.

మాకు బండి వచ్చింది 2007లో. ఆ ఏడు పసుపుకు మంచి ధర దొరికింది. మా ఆయన సంచిలో డబ్బు తీసుకుని కడపకు బస్సులో పోయి, సాయంత్రానికి బండి మీద తిరిగొచ్చాడు. ఇరవై రెండు వేల ఐదు వందలు. ఆ రాత్రి మా అత్త దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, "ఇంగ ఇంటికొక ఎద్దు వచ్చినట్టే" అంది. అది నిజమే అయింది. పొలం మా ఇంటికి మూడు కిలోమీటర్లు. అంతకుముందు నడకే.

పదేళ్ళు ఆ బండి వెనక సీటు మీద కూర్చున్నాను. దాన్ని నడపొచ్చు అనే ఆలోచనే నాకు రాలేదు, ఇంట్లో ఎవరికీ రాలేదు.

2017 ఆగస్టులో మా ఆయన వానకు తడిసిన గట్టు మీద కాలు జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. అప్పుడు మాకు పాలిచ్చే బర్రెలు రెండు. పొద్దున పన్నెండు ఇళ్ళకు పాలు పోయాలి, మిగిలినవి కేంద్రానికి చేర్చాలి. గడ్డి తేవాలి. పాప నాలుగో తరగతి, అబ్బాయి తొమ్మిది. రెండు రోజులు ఆటో మాట్లాడుకుంటే పాల డబ్బులో సగం దానికే పోయింది. మూడో రోజు మా అత్త, "బర్రెల్ని అమ్మేద్దాం లే పాపా, ఏం జేస్తాం" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నా మొహం వైపు చూడలేదు.

మా వీధి చివర గుడి దగ్గర పూలమ్మే అక్క ఒకామె ఉంది. పదేళ్ళుగా ఎక్సెల్ మీదే పూలు తెచ్చుకుంటుంది. ఆమె దగ్గరికి పోయి అడిగాను. "ముందు ఎల్లెల్లార్ తెచ్చుకో, మిగతాది నేను జూసుకుంటా" అంది. అది చేతికి వచ్చిన సాయంత్రం చెరువులోకి తీసుకుపోయింది. ఆ ఏడు చెరువులో నీళ్ళు లేవు. నెర్రెలిచ్చిన మట్టి మధ్యలో గొర్రెలు తిరిగే దారి గట్టిగా ఉండేది. అక్కడ నన్ను బండి మీద కూర్చోబెట్టి, "తిప్పితే పోతాది, వదిల్తే ఆగుతాది. ఇంగేం ల్యా దీంట్లో" అంది. నిజంగానే ఇంకేం లేదు. చీర కుచ్చిళ్ళు ఎట్లా ఎత్తి దోపాలో, కొంగు చక్రంలో పడకుండా ఎట్లా బిగించాలో నేర్పించడానికే ఆమెకు ఎక్కువ సేపు పట్టింది. నాలుగో రోజు నేను పాల క్యాన్లు పెట్టుకుని ఆమె ముందర నడుస్తుంటే వెనకే వచ్చాను. పదో రోజు ఒక్కదాన్నే పోయాను.

గేర్లున్న బండి అయ్యుంటే ఆ పది రోజుల్లో నాకు వచ్చేది కాదు. మా ఆయనకు బుల్లెట్ ఉండి, నాకు దాన్ని స్టాండు తీయడం కూడా చేతకాకపోయి ఉంటే ఆ బర్రెలు అప్పుడే పోయేవి. బండి గొప్పతనం ఎంత వేగం పోతుందనే దాంట్లో చూస్తారు. నేనైతే ఇంటి మగమనిషి మంచాన పడినప్పుడు దాన్ని ఇంకెవరు తీయగలరని చూస్తాను.

కొన్నాళ్ళకు ఒక పొద్దున బండి స్టార్ట్ కాలేదు. కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టింది. మంచం మీద నుంచి మా ఆయన చెప్తుంటే సీటు కింద ఉన్న పానాతో ప్లగ్గు విప్పాను. టూ స్ట్రోక్ బండి కదా, ఆయిల్ మసి పట్టి నల్లగా ఉంది. ఎమరీ పేపర్‌తో రుద్ది, పాత చీర పేలికతో తుడిచి మళ్ళీ బిగించాను. రెండో కిక్‌కు టర్రుమంది. మా అత్త వాకిట్లో కసువు ఊడుస్తా ఆగి, నావైపు చూసి నవ్వింది. ఆ తర్వాత గొలుసు వదులు చూసుకోవడం, బ్రేకు తీగ బిగించుకోవడం నేనే చేసుకున్నాను. మెకానిక్ షాపు ముందర మగవాళ్ళ మధ్య నిలబడి "అన్నా, ఏమైందో చూడు" అని అడుక్కునే పని తప్పింది. ఆ నవంబరులో కడపకు పోయి గేర్లు లేని బండికి లైసెన్సు కూడా తెచ్చుకున్నాను.

తర్వాత పి.సాయినాథ్ గారు రాసిన ఒక వ్యాసం చదివాను. తమిళనాడులో పుదుక్కోట్టై అనే కరువు జిల్లాలో 1991 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకు సైకిల్ నేర్పించారంట. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ గారనే ఆవిడ. వేల వేలమంది పల్లె ఆడవాళ్ళు నేర్చుకున్నారు. పొలాల్లో కూలి చేసేవాళ్ళు, రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, నర్సులు. బస్సు కోసమో, మొగుడి కోసమో, కొడుకు కోసమో కాచుకుని కూర్చునే గంటలు వాళ్ళకు మిగిలాయి. అది చదివినప్పుడు మా చెరువు మట్టి గుర్తొచ్చింది. చక్రం ఏదైనా కానీ, అది మన చేతిలో తిరిగితే పొద్దులో ఒక గంట మనదవుతుంది.

మా ఊరివాళ్ళకు వావిలికొలను సుబ్బారావు గారి కథ కొత్త కాదు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న ఆయన, మా కోదండరామాలయం జీర్ణోద్ధరణ కోసం టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. ఆ చిప్ప మీద శతకమే రాశారు. బి.ఏ. తెలుగులో ఉండగా ఆ సంగతి చదివి, ఇంత పండితుడు వెండిగిన్నె కాకుండా చిప్ప ఎందుకు పట్టాడా అనుకున్నాను. ఇప్పుడు నాకు తోచేదేమంటే, చిప్పను ఎవరూ దొంగిలించరు, పగిలితే ఇంకోటి దొరుకుతుంది, దాన్ని కాపాడుకునే పని లేదు కాబట్టి ధ్యాసంతా చేసే పని మీదే ఉంటుంది. మన పని ముందర నిలబడకుండా పక్కన ఉండే వస్తువు అది. ఎక్సెల్‌ను ఆయన చిప్పతో పోలుస్తున్నానని పెద్దవాళ్ళు కోప్పడొద్దు.

ఇక మావాడి సంగతి. డిప్లొమా చేసి శ్రీసిటీలో ఒక కంపెనీలో చేరాడు. చేతికి పద్దెనిమిది వేలు వస్తుంది. గది, తిండి కలిపి ఎనిమిది వేలు. కంపెనీ బస్సు వాడి సందు చివరికే వస్తుంది. బుల్లెట్ రోడ్డు మీదికి వచ్చేసరికి రెండు లక్షల ఇరవై వేలు అవుతుందని షోరూములో లెక్క రాసిచ్చారు. నలభై వేలు ముందు కడితే నెలకు ఆరువేల చొప్పున ముప్పై ఆరు నెలలు. అంటే లక్షా ఎనభై వేల అప్పుకు రెండు లక్షల పదహారు వేలు కట్టాలి. పెట్రోలు, సర్వీసు వేరే. మా ఎక్సెల్‌కు ఆరువేలు ఇస్తామన్నారు.

ఆ ఆరువేల దగ్గరే నాకు ఇంకో ఆరువేలు గుర్తొచ్చాయి. మా పాప ఇంటర్ అయిపోతోంది. బి.ఎస్సీ. నర్సింగ్ చేయాలని దాని కోరిక. తిరుపతిలో కాలేజీ, హాస్టలు కలిపి ఎంత తగ్గించి లెక్కేసినా ఏడాదికి డెబ్బై వేలు దాటుతుంది. అంటే నెలకు ఆరువేలు. ఉద్యోగం వచ్చిన రోజు మావాడే చెల్లెలి తల మీద మొట్టి, "నీ చదువు నేను జూసుకుంటాలే" అన్నాడు. వాడు ఆ మాట మరిచిపోయాడని నేననను. రెండూ అవుతాయని వాడి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసులో అన్నీ అవుతాయనే అనిపిస్తుంది.

"మా, నా ఫ్రెండ్సందరికీ ఉండాయి. పండగకు ఇంటికొస్తే నేనొక్కన్నే ఎక్సెల్ ఏసుకోని తిరగాల్నా? పాలోడా, రెండు లీటర్లు పొయ్యి అని ఎగతాళి చేస్తాండారు" అన్నాడు ఒక రాత్రి. వాళ్ళ నాయన గట్టిగా ఏదో అనబోతుంటే నేనే ఆపాను. ఆ ఎగతాళి నొప్పి నిజమైనదే. మనకు పాత చీర కట్టుకుని పెళ్ళికి పోయినప్పుడు అనిపించేదే అది. దాన్ని కొట్టిపారేసి "పొదుపు" అని పాఠం చెప్తే పిల్లలు మన మాట వినడం మానేస్తారు.

వాడు చెప్పినదాంట్లో ఇంకో నిజం కూడా ఉంది. ఎక్సెల్‌లో లోపాలు లేవని నేను చెప్పను. పాత టూ స్ట్రోక్ పొగ మంచిది కాదు, వెనక వచ్చేవాళ్ళకు కళ్ళు మండుతాయి. కడప నుంచి రాజంపేట పోయే పెద్ద రోడ్డు మీద లారీ పక్కనుంచి దూసుకుపోతే చిన్న బండి ఊగిపోతుంది. చవకగా వచ్చింది కదా అని నలుగురు ఎక్కడం, మనిషెత్తు సరుకు కట్టడం, హెల్మెట్ ఇంట్లో మేకుకు తగిలించి పోవడం మా ఊర్లో రోజూ చూస్తాం. బండి చవకైతే ప్రాణం చవక కాదు కదా. మా ఇంట్లో మాత్రం మూడు కట్టుబాట్లు ఉన్నాయి. ఇద్దరికి మించి ఎక్కకూడదు. చీకటి పడ్డాక పెద్ద రోడ్డు ఎక్కకూడదు. నడిపేవాళ్ళకూ వెనక కూర్చునేవాళ్ళకూ హెల్మెట్ ఉండాలి.

ఇంకో మాట. 2020 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. కాబట్టి ఇప్పుడు షోరూములో దొరికే ఎక్సెల్ 100లో మా బండిలో ఉన్నట్టు కార్బురేటర్ ఉండదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. గాలికి మంచిదే. స్విచ్చి నొక్కితే స్టార్ట్ అయ్యేది కూడా వచ్చింది, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఎంతో మేలు. కానీ ఏదైనా తేడా వస్తే పేలికతో తుడిచి బాగుచేసుకునే రోజులు తగ్గుతున్నాయి. మోటు బండి కూడా మెల్లగా నాజూకు అవుతోంది. అందుకే మా పాతదాన్ని ఆరువేలకు ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. పదిహేనేళ్ళు నిండాక ఆఫీసులో చూపించి రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకు పొడిగించుకున్నాం కూడా.

వాడితో నేను వాదించలేదు. నా దగ్గర ఒక పద్దు పుస్తకం ఉంది. పెళ్ళయినప్పటి నుంచి రాస్తున్నాను. దాంట్లో బండి పేజీలకు పాత పెళ్ళిపత్రిక ముక్క గుర్తుగా పెట్టి, వాడి మంచం మీద పెట్టాను. పద్దెనిమిదేళ్ళలో బండికి పెట్టిన ఖర్చంతా ఉంది. టైర్లు నాలుగు సార్లు, గొలుసులు, ఒకసారి ఇంజిను బోరు చేయించడం, ఒకసారి సైలెన్సరు. పెట్రోలు పక్కన పెడితే మొత్తం నలభై ఒక్క వేల చిల్లర. బుల్లెట్‌కు ముందు కట్టాల్సిన డబ్బు అంత.

వాడు చూసింది ఆ మొత్తం కాదని తర్వాత తెలిసింది. 2017 సెప్టెంబరు పేజీ దగ్గర ఆగిపోయాడంట. ఒక పక్క రోజువారీ పాల డబ్బు, ఇంకో పక్క ఖర్చులు. ప్లగ్గు, పెట్రోలు, మాత్రలు, కట్టు మార్చడానికి ఆసుపత్రికి. వాటి మధ్య "అబ్బాయి స్కూలు ఫీజు 3,500" అని ఉంది. ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతోందో వాడికి పూర్తిగా తెలియదు. మేమూ చెప్పలేదు. ఫీజు టయానికి కట్టాం కాబట్టి వాడికి తెలియాల్సిన అవసరం రాలేదు.

పొద్దున కాఫీ తాగుతా, "ఎక్సెల్ ఇచ్చేది వద్దులే మా" అన్నాడు. అంతే అన్నాడు. నేనూ ఏమీ అడగలేదు. ఆదివారం వాళ్ళ నాయనా వాడూ కూర్చుని ఒక మాటకు వచ్చారు. పాప మొదటి రెండేళ్ళ ఫీజు అయ్యేదాకా కంతులు పెట్టుకోడు. ముందు కట్టాలనుకున్న నలభై వేలల్లో పాప అడ్మిషనుకు పోగా మిగిలితే, వాడి వరకు వంద సీసీ పాత బండి ఏదన్నా రొక్కానికి చూసుకుంటాడు. బుల్లెట్ సంగతి తర్వాత. వాడి ఫోన్లో ఇప్పటికీ నల్ల బుల్లెట్ ఫొటోనే ఉంది. ఉండనీ. కష్టపడి సంపాదించే పిల్లవాడికి ఒక కోరిక ఉండటం మంచిదే. ఆ కోరికకు ఇంట్లో ఇంకొకరి చదువు కట్టుబడి పోకుండా చూడటమే మన పని. పాపకు సీటు వస్తుందో రాదో ఇంకా తెలియదు. వస్తే మాత్రం డబ్బు లేదని దాన్ని ఆపే పరిస్థితి ఉండకూడదు.

మీ ఇంట్లో కూడా బండి మాట వస్తుంది. కొడుకు అడుగుతాడు, అల్లుడు అడుగుతాడు, ఇప్పుడు కూతుళ్ళూ అడుగుతున్నారు. అప్పుడు రంగు, కంపెనీ, చప్పుడు వాళ్ళనే చూసుకోనివ్వండి. మీరు మూడు సంగతులు అడగండి. ఈ బండిని ఇంట్లో ఎంతమంది నడపగలరు? చెడిపోతే మన ఊర్లోనే బాగవుతుందా? కొన్న తర్వాత నెల నెలా ఎంత అడుగుతుంది? ఈ మూడింటికీ జవాబు తృప్తిగా ఉంటే అది బుల్లెట్ అయినా సరే కొనుక్కోండి.

ఇంట్లో ఇప్పటికే ఎక్సెల్ ఉండి, మీరు వెనక సీటు మీదే కూర్చుంటూ ఉంటే, ఈ వేసవిలో ముందుకు జరగండి. నలభై దాటితే ఏం? మా పూలమ్మే అక్క ఈ ఏడు ఇంకో ఇద్దరికి నేర్పించింది. వాళ్ళలో ఒకామెకు మనవడున్నాడు. ముందు ఎల్లెల్లార్, తర్వాత హెల్మెట్, ఆ తర్వాత ఖాళీ మైదానం. కుచ్చిళ్ళు మాత్రం పైకి దోపుకోండి.

మీ బండి ఇప్పటిదాకా మోసినవాటిలో మీరు మరిచిపోలేనిది ఏదో నాకు రాయండి. మాది చెప్తాను. మూడేళ్ళ కింద పొలంలోనే మా బర్రె ఈనింది. వాన పట్టుకుంది. తడి దూడను గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మా ఆయన వెనక కూర్చున్నాను. తల్లి బర్రె అరుస్తా మా వెనకే మూడు కిలోమీటర్లు పరిగెత్తింది, అది ఆయాసపడకుండా మా ఆయన బండిని నడక మీదే పోనిచ్చాడు. ఆ దూడ పోయిన నెలలో ఈనింది. ఇప్పుడు పూటకు నాలుగు లీటర్లు ఇస్తోంది. ఆ పాలు కూడా ఆ బండి మీదే పోతున్నాయి.